వైద్యము ముగిసిన తరువాత ఎవరు?



మన గ్రామ సంఘములలో తరచుగా జరుగుచుండు ఒక సంగతిని ముందుగా మీ యెదుట ఉంచెదను. ఒక వృద్ధుడు చేనిగట్టున జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొనును. లేక ఒక తల్లికి తెల్లవారుజామున పక్షవాతము వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోవును. ఇంటివారు ఆళ్లగడ్డ ఆసుపత్రికి తీసికొనిపోవుదురు. అక్కడివారు నంద్యాలకు పంపుదురు. అక్కడను కానియెడల కర్నూలు పెద్దాసుపత్రికి పోవుదురు. పడక, పరీక్షలు, శస్త్రచికిత్స, మందులు చాలవరకు ప్రభుత్వపు ఖర్చుతోనే జరుగును. ఇది మన తాతలు ఎరుగని మేలు. కొన్ని దినములైన పిమ్మట డాక్టరుగారు చీటీ వ్రాసి యిచ్చి, ఇక్కడ చేయవలసిన వైద్యము అయినది, ఇంటికి తీసికొనిపోవచ్చునని చెప్పుదురు.

ఆ మాటతో ఒక కష్టము తీరి మరియొక కష్టము మొదలగును. రోగి ప్రాణముతో ఉన్నాడు గాని లేవలేడు. రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పనియెడల వీపున పుండ్లు పడును. అన్నము తినిపించువారు, ఒళ్లు తుడుచువారు, మలమూత్రములు ఎత్తువారు కావలెను. కూలికి పోనిదే పొయ్యి వెలుగని ఇంటిలో ఒకరు మంచము దగ్గర కూర్చుండినయెడల ఆ దినపు కూలి పోవును. ఇద్దరుండు ఇంటిలో సగము రాబడి పోయినట్లే గదా! ఇట్టివానిని చూచు భారము ఎవరిది? చట్టము ఏమి చెప్పుచున్నది? వైద్యము ఉచితము గనుక ఆ తరువాతి పోషణయు ప్రభుత్వమే చూచునని కొందరు తలంచుచున్నారు. ఇంటికి పంపివేసిరి గనుక ఇక మనకు రావలసినది ఏమియు లేదని మరికొందరు నిరాశపడుచున్నారు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. వైద్యమునకును పోషణకును నడుమ చట్టము ఒక గీత గీసినది. ఆ గీత ఎప్పుడు పడెను, ఎటు జరిగెను, ఇప్పుడు ఎక్కడ ఉన్నది అను చరిత్రను మన ప్రాంతపు సంగతులతో చెప్పుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

మంచి సమరయుని ఉపమానము మీకందరికిని తెలియును. అతడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్లు కట్టెను, ఇది వైద్యము. తరువాత పూటకూళ్లవాని ఇంటికి తీసికొనిపోయి, రెండు దేనారములు ఇచ్చి, చూచుకొనుమని అప్పగించెను, ఇది పోషణ. అతడు ఈ రెండు పనులను విడదీయలేదు. రెండింటికిని ఒకే సంచిలోనుండి తీసి ఇచ్చెను. ప్రభుత్వములు మాత్రము కాలక్రమమున రెండు సంచులు కుట్టించుకొనినవి.

ఒకే పద్దులో ఆసుపత్రియు సత్రమును

మన దేశములో మొదట ఈ రెండు సంచులు లేవు. కర్నూలు నవాబు రాజ్యము 1839లో కుంఫిణీవారి వశమైనది. తరువాత ఏర్పడిన కర్నూలు జిల్లాలో నంద్యాల ఒక తాలూకా. ఆళ్లగడ్డ సిరివెళ్ల తాలూకాలోని ఊరు. ఆ దినములలో అహోబిలమునకును మహానందికిని పోవు యాత్రికులు, దారిలో జబ్బుపడిన బాటసారులు సత్రములలోనే తలదాచుకొనెడివారు. రోగికిని, ఆకలిగొన్నవానికిని, దిక్కులేనివానికిని ఒకే అరుగు ఆధారము.

1871లో మద్రాసు ప్రభుత్వము స్థానిక నిధుల చట్టము చేసినది. 1884లో స్థానిక బోర్డుల చట్టము వచ్చినది. జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు వసూలుచేసిన పన్నుతో ఏమేమి చేయవచ్చునో ఆ చట్టములలో వ్రాసిరి. బాటలు, బావులు, బడులు, ఆసుపత్రులు, ధర్మవైద్యశాలలు, సత్రములు అన్నియు ఆ వరుసలోనివే. అనగా మందిచ్చు ఇంటికిని, అన్నము పెట్టి పడుకొననిచ్చు ఇంటికిని సొమ్ము ఒకే నిధినుండి వచ్చినది. సొమ్ము మిగుల తక్కువ. ఆసుపత్రులు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. అయినను రోగి వేరు, నిరాధారుడు వేరు అను విభజన చట్టములో ఇంకను గట్టిపడలేదు.

ధాత కరువు నేర్పిన పాఠము

1876లో వానలు పోయినవి. ధాత నామ సంవత్సరమున వచ్చినది గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అనిరి. 1878 వరకు సాగిన ఆ కరువులో కర్నూలు, బళ్లారి జిల్లాలు అందరికంటె ఎక్కువ నలిగిపోయినవి. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గినది.

అప్పుడు ప్రభుత్వము ప్రజలను రెండు తెగలుగా విభజించెను. ఒంట్లో బలమున్నవారికి రోడ్డుపని, చెరువుపని ఇచ్చి కూలి ఇచ్చిరి. పని చేయలేని వృద్ధులు, వికలాంగులు, చిన్నపిల్లలు శిబిరములలో వండిన తిండి పొందిరి. కొన్ని గ్రామములలో మునసబు చేతిమీదుగా కొద్ది డబ్బు ముట్టెను. శిబిరములలో జబ్బుపడినవారికి వేరుగా ఆసుపత్రి పాకలు ఉండెను.

1877 జనవరిలో గవర్నరు జనరలు పంపిన సర్ రిచర్డు టెంపుల్ దొర మద్రాసు రాజధానికి వచ్చి, కరువుపని కూలి ఎక్కువగా ఉన్నదని చెప్పి తగ్గించెను. రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము కొనుటకు చాలిన డబ్బును, దానిమీద స్వల్పమైన చిల్లరయు చాలునని ఆయన నిర్ణయము. మద్రాసు రాజధానిలో ఆరోగ్యశాఖ కమీషనరుగా ఉండిన డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. ఇంత తక్కువ తిండితో మట్టి మోయువాడు కొన్ని వారములలో రోగియై ఆసుపత్రి పాకకు చేరునని ఆయన వాదము. టెంపుల్ దొరకు అది ఖజానా లెక్క. కార్నిష్ డాక్టరుకు అది మనుష్యుని శరీరపు లెక్క. కొన్ని నెలల పిమ్మట మద్రాసు ప్రభుత్వము కూలిని మరల పెంచెను. చదువరులారా, పోషణ తప్పినచోట వైద్యము నిలువదని మన జిల్లాలోనే, మన పూర్వుల ఎముకలమీద, అప్పుడు రుజువైనది.

ఆ కరువులోనే మరియొక గీతయు పడినది. లండను మేయరుగారు చందాలు వసూలు చేసి పంపినప్పుడు, ప్రాణము నిలుపు బాధ్యత ప్రభుత్వముదే, ధర్మపు సొమ్ము దానికి పైమాటుగా ఉండవలెనని పెద్దలు నిర్ణయించిరి. బట్టలు, అనాథలైన పిల్లల పోషణ, రైతు మరల సేద్యము ప్రారంభించుటకు సహాయము మొదలగునవి ఆ సొమ్మునకు ఏర్పరచిన పనులు. ఆ పంపకములో పలుచోట్ల మిషనెరీలకును చెయ్యి ఉండెను. 1880లో కరువు కమీషను నివేదిక ఇచ్చినది. ఆ వెనుక వచ్చిన కరువు నిబంధనలలో, పనిచేయలేనివానికి ఉచితముగా సహాయము చేయుట ప్రభుత్వపు విధియని వ్రాయబడెను. కాని అది కరువు ప్రకటించిన కాలమునకే. కరువు పోయిన మరునాడు ఆ వృద్ధుడు మరల తన ఇంటివారి పాలైనాడు.

రోగమునకు గాదు, పేదరికమునకు సంకెళ్లు

గీత వంకరగా పడినయెడల ఏమగునో తెలియుటకు 1898 కుష్ఠరోగుల చట్టమును చూడుడు. ఆ చట్టము కుష్ఠరోగులందరిని పట్టలేదు. ‘దరిద్ర కుష్ఠరోగి’ అను మాటను కల్పించి, వీధిలో భిక్షమెత్తువానిని, జీవనాధారము కనబడనివానిని పట్టి ఆశ్రమమునకు పంపవచ్చునని చెప్పినది. భాగ్యవంతుడైన కుష్ఠరోగి తన ఇంట నిశ్చింతగా ఉండవచ్చును. రోగము ఇద్దరిదియు ఒకటే. భేదమంతయు పేదరికములో ఉన్నది. పోషించువారు లేకపోవుటయే నేరమైనది. ఈ చట్టము 2016 వరకు పూర్తిగా రద్దు కాలేదనగా ఆశ్చర్యపడుదురు.

ఇటువైపు మిషనువారి పని వేరొక రీతిగా సాగినది. ఆళ్లగడ్డ దాపున ముత్యాలపాడులో 1850 ప్రాంతపు సంవత్సరములలోనే ఎస్.పి.జి. మిషను స్థలము ఏర్పడెను. తరువాత నంద్యాలలో అదే మిషనువారి సెయింట్ వెర్బర్గ్ ఆసుపత్రి వెలసినది. ఆ కాలపు మిషను ఆసుపత్రులలో రోగితో కూడ బంధువులు వచ్చి, ఆవరణలో మూడు రాళ్లు పెట్టి వండుకొని, ప్రక్కనే ఉండి చూచుకొనెడివారు. నర్సు వారికి పుండు కడుగుటయు, కట్టు కట్టుటయు నేర్పెడిది. ఇంటికి పోవునప్పటికి బంధువునకు సగము నర్సు పని వచ్చియుండెను. ఆ ఏర్పాటు పేదదే గాని, వైద్యమునకును పోషణకును నడుమ గోడ అంత ఎత్తుగా లేదు.

రెండు సంచులు కుట్టిన సంవత్సరములు

గీత చట్టములో స్పష్టముగా పడినది స్వాతంత్ర్యపు సంవత్సరములలోనే. ఇంగ్లండులో 1948 జూలై 5న రెండు చట్టములు ఒకే దినమున అమలునకు వచ్చినవి. ఒకటి జాతీయ ఆరోగ్య సేవ. అందు వైద్యము ఉచితము. రెండవది జాతీయ సహాయ చట్టము. అందు వృద్ధులకును అశక్తులకును నివాసము, సంరక్షణ స్థానిక సంస్థలు చూచును గాని, ఉన్నవారు తమ శక్తికొలది సొమ్ము చెల్లింపవలెను. నాటినుండి అక్కడ ఒక రోగి గీతకు ఏ వైపున ఉన్నాడను ప్రశ్నమీద ఇల్లు నిలుచుటయో అమ్ముడుపోవుటయో ఆధారపడినది. 1971లో రోడ్డు ప్రమాదమున అవయవములు చచ్చుబడిన పమేలా కోగ్లన్ అను స్త్రీకి, బ్రతికినన్నాళ్లు ఒక గృహములో ఉండవచ్చునని ఆరోగ్యాధికారులు 1993లో మాట ఇచ్చి, పిమ్మట దానిని మూయదలచిరి. ఆమె కోర్టుకు పోయెను. 1999లో అప్పీలు కోర్టు ఆమె పక్షమున తీర్పు చెప్పినది. నర్సుల పని అంతయు సాంఘిక సంరక్షణ కాదు, మనిషికి ప్రధానముగా కావలసినది వైద్య సంబంధమైన శుశ్రూషయే అయినప్పుడు దాని ఖర్చు ఆరోగ్య శాఖదేయని ఆ తీర్పు సారాంశము. స్కాట్లండువారు 2002లో అరువదియైదు ఏండ్లు దాటినవారికి ఒంటి సంరక్షణను ఉచితము చేసిరి. అనగా ఈ గీత కొండవలె కదలనిది కాదు. మనుష్యులు గీసినది గనుక మనుష్యులు జరుపగలరు.

మన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చినది. దాని ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితా ఒకటి కలదు. అందు 6వ అంశము ప్రజారోగ్యము, పారిశుధ్యము, ఆసుపత్రులు, వైద్యశాలలు. 9వ అంశము వికలాంగులకును పనిచేయలేనివారికిని సహాయము. రెండును రాష్ట్రము చేతిలోనివే. కాని రెండు వేరు పద్దులు. వేరు పద్దు అనగా ఆచరణలో వేరు శాఖ, వేరు అధికారి, వేరు బడ్జెటు. ఆసుపత్రిని చూచు శాఖకు వృద్ధాశ్రమము సంగతి పట్టదు. వృద్ధులను చూచు శాఖకు ఆసుపత్రి పడక సంగతి పట్టదు.

అంతకన్న లోతైన భేదము మరియొకటి ఉన్నది. వృద్ధాప్యములో, రోగములో, అంగవైకల్యములో ప్రభుత్వము సహాయము చేయవలెనని 41వ అధికరణము చెప్పుచున్నది. కాని తన ఆర్థిక శక్తికి లోబడి చేయవలెనను షరతు దానికి కలదు. అది ఆదేశిక సూత్రము గనుక దానిమాత్రమే పట్టుకొని కోర్టుకు పోవుటకు వీలులేదు. వైద్యము విషయములో మాత్రము సుప్రీము కోర్టు మరియొక మాట చెప్పినది. 1992లో బెంగాలులో హకీం షేక్ అను కూలివాడు రైలునుండి పడి తలకు గాయము కాగా, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని వెనుక ఒకటి పడక లేదని త్రిప్పిపంపినవి. తుదకు అతడు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు చెల్లించి బ్రదికెను. 1996 మే నెలలో సుప్రీము కోర్టు అతనికి 25,000 రూపాయల నష్టపరిహారము ఇప్పించినది. అత్యవసర వైద్యము జీవించు హక్కులో భాగము, సొమ్ము లేదను సాకు దీనికి చెల్లదని తీర్పు చెప్పినది.

చదువరులారా, ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. ప్రాణము నిలుపుటకు సొమ్ము లేదనుట చెల్లదు. నిలిచిన ప్రాణమును పోషించుటకు మాత్రము సొమ్ము ఉన్నంతవరకే. మన వ్యాసపు గీత సరిగా ఇక్కడ ఉన్నది.

చేయవలెను, చేయవచ్చును

2007లో పార్లమెంటు తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టము చేసినది. పోషణ యను మాటలో తిండి, బట్ట, నివాసము మాత్రమే గాక వైద్యమును కూడ చేర్చినది. ఆ భారమును మొట్టమొదట బిడ్డలమీదను, బిడ్డలు లేనియెడల ఆస్తి పొందు బంధువులమీదను పెట్టినది. బిడ్డలు చూడని తలిదండ్రులు ఆర్.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షతన ఉండు ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. నెలకు 10,000 రూపాయలకు మించకుండ భృతి ఇప్పించు అధికారము దానికి కలదు. చూచుకొనుదురను షరతుమీద ఆస్తి వ్రాసి ఇచ్చి మోసపోయినవారు ఆ దస్తావేజును రద్దు చేయించుకొనవచ్చును. వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు నెలల వరకు జైలుశిక్షయు ఉన్నది.

ఈ చట్టములో రెండు సెక్షన్లు ప్రక్కప్రక్కన ఉన్నవి. 19వ సెక్షను ప్రకారము, దిక్కులేని వృద్ధుల కొరకు జిల్లాకు కనీసము ఒకటి చొప్పున, 150 మందికి తగిన ఆశ్రమములను ప్రభుత్వము స్థాపింపవచ్చును. 20వ సెక్షను ప్రకారము, ప్రభుత్వ ఆసుపత్రులలో వృద్ధులందరికి సాధ్యమైనంతవరకు పడకలు, వేరు వరుసలు ఉండునట్లు ప్రభుత్వము చూడవలెను. ఆసుపత్రి పడకకు ‘వలెను’. ఆశ్రమపు పడకకు ‘వచ్చును’. చిన్న మాటలే గాని, ఒక మనిషి వృద్ధాప్యము ఎట్లు గడచునో ఈ రెండు క్రియాపదముల నడుమ ఉన్నది.

పథకములలోను గీత కనబడుచున్నది. 2007 ఏప్రిలులో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ ప్రారంభమైనది. పేదలు పెద్ద ఆపరేషనులు సొమ్ము లేకుండ చేయించుకొనగలిగిరి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ పథకము డిశ్చార్జి అయిన తరువాత 15 దినముల వరకు మందులకును పరీక్షలకును ఖర్చు భరించును. పదునారవ దినమున గీత దాటినట్లే. 2019 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వము ఆరోగ్య ఆసరా యను పేరున, ఆపరేషను తరువాత విశ్రాంతి తీసికొను రోగికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండ ఇచ్చుట ప్రారంభించినది. ఇంట పండుకొన్న రోగికి పోయిన కూలియు వైద్యపు ఖర్చేయని ఒప్పుకొనిన చర్య అది.

గీత మంచివైపునకు జరిగిన మరియొక తావు మానసిక వైద్య చట్టము. 2017లో చేయబడి 2018 మే నెలలో అమలునకు వచ్చిన ఈ చట్టపు 19వ సెక్షను ప్రకారము, కుటుంబము లేదనియో, ఇల్లు లేదనియో, ఇంటివారు చేర్చుకొనలేదనియో ఎవరిని మానసిక వైద్యశాలలో ఉంచరాదు. అట్టివారికి బయట నివసించు వసతి ప్రభుత్వమే చూపవలెను.

పింఛను సంగతియు చూడుడు. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వము జాతీయ సాంఘిక సహాయ పథకము ప్రారంభించినప్పుడు వృద్ధునికి నెలకు ఇచ్చినది 75 రూపాయలు. 2024 జూలై 1న మన రాష్ట్రములో పెంచి పంచిన పింఛను వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000. పక్షవాతము మొదలగువానిచే మంచమునకో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఈ చివరి మొత్తము మన వ్యాసమునకు ముఖ్యము. మంచముమీది మనిషికి ఒకరి చెయ్యి ఎల్లప్పుడును కావలెనని ప్రభుత్వము దానిచేత ఒప్పుకొనినది. కాని ఆ సొమ్మునకు తాళపుచెవి డాక్టరు చేతిలో ఉన్నది. సదరం అని మనవారు చెప్పుకొను వికలత్వ ధ్రువపత్రము ప్రభుత్వ ఆసుపత్రి వైద్యులు ఇచ్చినగాని పింఛను రాదు. పోషణ వేరు శాఖదైనను, దాని గుమ్మమున నిలిచియున్నది వైద్యుడే.

మన సంఘములు చేయవలసినది

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాకేంద్రమైనది. 2023 సెప్టెంబరు 15న అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. గీతకు వైద్యపు వైపున మన ప్రాంతము ఈ కొద్ది ఏండ్లలో చాల ముందుకు వచ్చినది. రెండవ వైపు పని మన కన్నుల యెదుటనే మిగిలియున్నది.

కావున ఈ సంగతులను జ్ఞాపకముంచుకొనుడు. మీ ఇంటి రోగి ఆసుపత్రి విడుచుటకు ముందు, అతని స్థితిని వివరముగా వ్రాసిన కాగితమును అడిగి తీసికొనుడు. ఎట్లు ప్రక్కకు త్రిప్పవలెను, పుండు ఎట్లు కడుగవలెను, చచ్చుబడిన చేతికి ఏ వ్యాయామము చేయింపవలెనని నర్సును అడిగి నేర్చుకొనుడు. వికలత్వ ధ్రువపత్రమునకు ఆలస్యము చేయక దరఖాస్తు పెట్టుడు. చదువు రానివారికి సంఘములోని చదువుకొన్న యౌవనులు ఈ పని చేసి పెట్టవలెను. బిడ్డలు విడిచిన తలిదండ్రులు మీ ఊరిలో ఉన్నయెడల, మొదట బిడ్డలతో పెద్దలు మాటలాడుడు. వినరేని, ట్రిబ్యునలు కలదని ఆ తలిదండ్రులకు చెప్పి వెంట పొండు. హక్కు అడుగుట భిక్షమెత్తుట కాదు.

మంచము పట్టినవారున్న ఇంటికి స్త్రీల సమాజమువారు వారమునకు రెండు పూటలు వంతుగా పోయి కూర్చుండినయెడల, ఆ ఇంటి కోడలు రెండు దినములు కూలికి పోగలదు. పాట పాడి ప్రార్థన చేసి వచ్చుట మంచిదే. పక్కబట్ట మార్చి వచ్చుట దానికి తోడుగా చేయవలసినది. అయితే మనము చేయుచున్నాము గనుక ప్రభుత్వము చేయనక్కరలేదని ఎవరును అనకుండ జాగ్రత్తపడవలెను. ధర్మము పైమాటే గాని ప్రాణము నిలుపు బాధ్యత ప్రభుత్వముదేయని 1877లోనే చెప్పిరి గదా. ‘స్థాపింపవచ్చును’ అను మాట ‘స్థాపింపవలెను’ అని మారువరకు మన ప్రతినిధులను అడుగుచుండవలెను. మన ఓటు కోరి ఇంటికి వచ్చువారిని, మంచముమీద ఉన్నవారి సంగతి ఏమని ఒక్క ప్రశ్న అడుగుటకు ఖర్చు లేదు.

పూటకూళ్లవానికి అప్పగించి తన దారిని పోవునప్పుడు ఆ సమరయుడు మరల వచ్చెదనని, ఎక్కువైన ఖర్చు తీర్చెదనని మాట ఇచ్చెను. గాయము మానుటకు ఎన్ని దినములు పట్టునో అతనికి తెలియదు. తెలియకయే ఆ లెక్కను తన పేర వ్రాయించుకొనెను. ఈ వారము మీ సంఘములో ఆసుపత్రినుండి ఇంటికి వచ్చినవారు ఎవరైన ఉన్నారేమో విచారించుడు. ఉన్నయెడల, ఆదివారము వరకు ఆగక పోయి చూచి రండు.